నత్తలు బతికే నీళ్లు

"ఉప్పునీళ్లాయన పోయినాడంట మేడమ్" అంది మరియమ్మ, ఏసీ పైపు కింద నిండిన బకెట్‌లోంచి మగ్గుతో ముంచి చేపల తొట్టిలోకి పోస్తూ.

మరియమ్మ మా పళ్ల ఆస్పత్రిలో ఆయా. పదకొండేళ్లుగా ఉంది. ఎంతటి వార్తనైనా చేతిలో పని ఆపకుండానే చెబుతుంది. ఎప్పుడు అని అడిగాను. నిన్న పొద్దున, నిద్రలోనేనట. తను ఇంకో మగ్గు పోసింది. నేను లోపలికెళ్లి ఒకాయన దవడపన్ను పీకాను.

అనంతపురంలో ఈ చివర నుంచి ఆ చివరికి పోవడం ఎంతసేపు? చూడ్డానికి పోవాల్సింది. పోలేదు. ఎందుకు పోలేదో చెప్పాలంటే ముందు ఆ మనిషిని చూపించాలి.

ఆయన్ను పేరుపెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు. అద్దాల తొట్టెల్లో పెంచుకునే సముద్రం చేపలు అమ్ముతాడు కాబట్టి ఉప్పునీళ్లాయన, అంతే. తాగేందుకు క్యాన్లు కొనుక్కునే ఊళ్లో ఈయన శుభ్రమైన ఫిల్టర్ నీళ్లలో సంచుల కొద్దీ ఉప్పు కలిపి చేపలకు పోసేవాడు. అందుకని జనానికి ఆయనంటే సగం వింత, సగం మంట. పాత ఊళ్లో ఒక సందులో బోర్డు లేని కొట్టు. మోకాళ్ల పైకి కట్టిన లుంగీ, ఎప్పుడూ తడిగా ఉండే చేతులు, వేళ్ల సందుల్లో తెల్లగా పేరుకున్న ఉప్పు. మాట్లాడేటప్పుడు మనిషి మొహం చూడడు, తొట్టినే చూస్తాడు. ముందు చిటికెన వేలు నీళ్లలో ముంచి నాలుక మీద రాసుకుంటాడు, తర్వాత ఉప్పు కొలిచే మీటరుతో కొలుస్తాడు. రెండు లెక్కలూ ఒకటే వస్తే "పరవాల్యా, మీటరు బాగానే ఉండాది" అని మీటరును మెచ్చుకుంటాడు.

నోరు మాత్రం పరమ చండాలం. నేను కొట్టుకు పోయిన మొదటి రోజే, పుట్టపర్తి నుంచి ఒక లాడ్జి ఓనరు వచ్చి ఉన్నాడు. రిసెప్షన్‌లో పెట్టిన రెండడుగుల తొట్టిలోకి ఎనిమిది రకాల చేపలు కావాలట, దుడ్లు ఎంతైనా ఇస్తాడట. ఈయన తలెత్తకుండా, "మీ ఇంట్లో ఒక గదిలో ఎనిమిది మంది తోడికోడళ్లను పెట్టి బయట గొళ్లెం పెట్టి రాపో అన్నా. తెల్లారి ఎంతమంది మిగుల్తే అన్ని చేపలిస్తా" అన్నాడు. ఆ లాడ్జాయన మొహం మాడిపోయింది. నేను నవ్వాను. నవ్వినందుకు నా వైపు తిరిగి, నీకేం కావాలో చెప్పి నవ్వు అన్నాడు.

ఇంకోసారి ఒక చిన్నపాప నీలంరంగు పెద్ద చేప కావాలని కొట్టు మధ్యలో కూర్చుని ఏడుస్తోంది. తల్లి బతిమాలుతోంది, ఇవ్వండన్నా, పాపం అని. ఆ చేపకు బారెడు పొడుగు తొట్టి చాలదు, మీ ఇంట్లో ఉండేది మూరెడు అని ఒక్కసారి చెప్పి ఊరుకున్నాడు. పాప ఏడుపు పెంచింది. "ఏడువు. అది చచ్చినంక ఏడ్చేదానికన్నా ఇప్పుడే ఏడ్చేది మేలు" అన్నాడు ఆ పాపతో. పాప వయసు అయిదేళ్లుంటుందేమో. తల్లి తిట్టుకుంటూ ఎత్తుకుపోయింది. ఈయనకు చీమ కుట్టినట్టు కూడా లేదు.

పిల్లలు పళ్ల డాక్టరు కుర్చీ చూస్తే గుక్కపట్టి ఏడుస్తారు. బెంగళూరులో ఒక ఆస్పత్రిలో సముద్రపు అక్వేరియం ముందు పిల్లలు నోరు తెరుచుకుని నిలబడి ఉండటం చూశాక నాకూ అదే కావాలనిపించింది. రంగురంగుల చేపలు కావాలన్నాను. ఆయన నవ్వలేదు. "రంగు నీకు కనపడతాది డాక్టరమ్మా. చేపకు పక్కదాని పళ్లు కనపడతాయి" అన్నాడు.

రెండడుగుల తొట్టి తెచ్చి మా వెయిటింగ్ హాల్లో పెట్టాడు. నెలన్నర దాంట్లో రాళ్లూ ఉప్పునీళ్లూ తప్ప ఏమీ లేవు. రాళ్లకు లైటెందుకు మేడమ్ అని పేషెంట్లు వేళాకోళం చేసేవాళ్లు. తర్వాత ఒకరోజు పది నత్తలు, గుల్లల్లో దూరి బతికే నాలుగు చిటికెడంత పీతలు, వీపు మీద తెల్లచారతో ఒక ఎర్ర రొయ్య తెచ్చి వదిలాడు. పీతల కోసం ఖాళీ గుల్లలు కూడా పిడికెడు చల్లాడు. ఇవెందుకన్నాను. పీత పెరిగి ఇల్లు ఇరుకైతే నత్తను చంపి దాని గుల్లలోకి దూరుతుందట, ఖాళీ ఇళ్లుంటే ఆ పని చేయదట. చేపలేవి మరి అంటే, "ముందు ఊడ్చేవాళ్లు రావాల. పాచీ, చెత్తా తిని వాళ్లు మూడు నెలలు బతికితే అప్పుడు చేపల మాట" అన్నాడు. మరియమ్మ చీపురు పట్టుకుని అక్కడే ఉంది. ఆ మాట ఆమెకు నచ్చి పడీ పడీ నవ్వింది.

నాకు నత్తలు నచ్చలేదు. కొట్టులో వేలెడంత నీలం చేప ఒకటి మెరుస్తూ తిరిగేది, చవక కూడా. అదివ్వండి, నత్తల సంగతి తర్వాత అని పట్టుబట్టాను. అది పోకిరిది, ముందు దాన్ని వేస్తే తొట్టంతా తనదే అనుకుంటాది, తర్వాత వచ్చినవాటిని బతకనీదు అన్నాడు. నేను వినలేదు. అంత చిన్నదా, ఏం చేస్తుంది అన్నాను.

ఆయన వాదించలేదు. పక్క తొట్టిలోంచి మట్టిరంగు చేపపిల్లను ఒకదాన్ని వలతో తీసి నీలం చేప ఉన్న తొట్టిలో వేశాడు. స్టూలు లాగి నన్ను కూర్చోమన్నాడు. నీలం చేప మొదట ఒకసారి వచ్చి చూసిపోయింది. తర్వాత రావడం మొదలుపెట్టింది. చేపపిల్ల రాతి వెనక్కి పోయింది, అక్కడికీ వచ్చింది. పైకి పోయింది, పైకీ వచ్చింది. తోక చీలికలైంది. తీసేయండి అన్నాను. ఆయన కదల్లేదు. నాకు అర్థమైంది, తీసేయండి అని రెండోసారి గట్టిగా అన్నాను.

"నువ్వు అడిగిందే కదా. పూర్తిగా చూడు" అన్నాడు.

పూర్తిగానే చూపించాడు. తేలిన చేపపిల్లను వలతో తీసి బయట పిల్లికి వేసి, చేతులు లుంగీకి తుడుచుకుని, మూడు నెలల తర్వాత రా అన్నాడు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను. పాఠం చెప్పడానికి ప్రాణమున్న దాన్ని చంపించిన మనిషి మీద ఒళ్లు మండిపోయింది. అంత మండినా మూడు నెలలు నత్తలను కళ్లల్లో పెట్టుకుని చూసుకున్నాను. పొద్దున వచ్చి కోటు వేసుకోకముందే లెక్కపెట్టేదాన్ని, పది ఉన్నాయా లేవా అని. నాకు పౌరుషం ఎక్కువ.

మూడు నెలలకు ఆయన వచ్చి అద్దానికి ముక్కు ఆనించి లెక్కపెట్టాడు. పది. ఇంకోసారి లెక్కపెట్టాడు. అప్పుడు మొట్టమొదటిసారి నా మొహం చూశాడు.

"ఈ ఊర్లో నా నత్తలను చంపకుండా పెట్టుకున్నది నువ్వొక్కదానివే డాక్టరమ్మా. అందరూ మూడో వారమే చంపేసి, బతికే ఉండాయని నాతో అబద్దం చెప్తారు" అన్నాడు.

పళ్ల డాక్టరు చదువుకు సీటు వచ్చిన రోజు కూడా నేను అంత పొంగిపోలేదు. నారింజరంగు మీద తెల్లపట్టీలుండే క్లౌన్ చేపల జంటను, రెండు మెత్తటి పగడాలను ఇచ్చాడు. ఇంత తొట్టికి ఈ రెండే, ఇంకొకటి అడిగితే ఇవీ తీసుకుపోతా అన్నాడు. అడగలేదు. పిల్లలు నోళ్లు తెరుచుకుని చూసేవాళ్లు. నేను ఆ తెరిచిన నోళ్లలోకి అద్దం పెట్టి పళ్లు చూసేదాన్ని. మా ఆస్పత్రిలో చూసి కంటి డాక్టరొకాయన పెట్టించాడు, ధర్మవరంలో ఒక పట్టుచీరల షాపువాళ్లు పెట్టించారు. అందరి దగ్గరా ఆయన నా పేరే చెప్పేవాడట, నత్తలు ఎట్ల పెంచాలో పోయి డాక్టరమ్మ దగ్గర చూడండి అని.

ఆయన పెట్టిన నియమం ఒక్కటే. అద్దం మీద నల్ల స్కెచ్ పెన్నుతో గీత గీశాడు. మా ఎండలకు, ఏసీ గాలికి తొట్టిలో నీళ్లు రోజుకు వేలి మందం ఆవిరైపోతాయి. పోయేది నీళ్లే, ఉప్పు కాదు. అందుకని గీత దిగినప్పుడల్లా ఉప్పులేని ఫిల్టర్ నీళ్లు పోయాలి. అవీ ఆయన తెచ్చిచ్చే క్యాన్‌లోవే. వేరే ఏ నీళ్లూ ఒక్క గ్లాసు కూడా పోయకూడదు.

ఇక నా సంగతి. గార్లదిన్నె దగ్గర పల్లెలో పుట్టినదాన్ని. ట్యాంకరు దగ్గర బిందె కోసం జుట్లు పట్టుకున్న ఆడవాళ్ల మధ్య పెరిగాను. నీళ్లు పారబోస్తే నాకు పూనకం వస్తుంది. మా ఆస్పత్రిలో ఏసీ పైపు నుంచి కారే నీళ్లు చుక్క కూడా మోరీలోకి పోవు. బకెట్ పెట్టి పడతాం. గచ్చు తుడవడానికి అవే, కుండీలకు అవే, ఇన్వర్టరు బ్యాటరీకి అవే. గాల్లోంచి చల్లబడి దిగిన నీళ్లు కాబట్టి డిస్టిల్డ్ వాటరే అని నా చదువు నాకు చెప్పింది.

ఆ మే నెలలో కొళాయిలు వారానికోసారి కూడా రాలేదు. పేషెంట్లు తాగే క్యాన్లవాడు మొహం చాటేశాడు. హాల్లో జనం నోరెండి కూర్చున్నారు, మూలన ఉప్పునీళ్లాయన తెచ్చిన ఇరవై లీటర్ల ఫిల్టర్ నీళ్లు చేపల కోసం ఉన్నాయి. నాకు మండింది. ఆ క్యాన్ జనం తాగడానికి పెట్టించి, చేపలకు ఏసీ నీళ్లు పోయమన్నాను. మరియమ్మ నసిగింది, ఆయన వేరే నీళ్లు వద్దన్నాడు కదా మేడమ్ అని. డాక్టరు నువ్వా నేనా అన్నాను. పోసింది. అలా మూడు వారాలు పోసింది.

మొదట రొయ్య కనబడకుండా పోయింది. తర్వాత నత్తలు ఒక్కొక్కటీ అద్దం వదిలేసి ఇసుకలో వెల్లకిలా పడ్డాయి. పగడాలు ముడుచుకుపోయాయి. హాలంతా నీచు కంపు. ఫోన్ చేస్తే ఆయన గంటలో వచ్చాడు. సోమవారం, హాలు కిటకిటలాడుతోంది. నత్తను తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు. ఉప్పు సరిగ్గానే ఉంది. సంచిలోంచి చిన్న గాజుగొట్టం తీసి తొట్టి నీళ్లు పట్టి, ఏదో మందు చుక్కలు వేశాడు. నీళ్లు నీలంగా తిరిగాయి. గొట్టాన్ని కిటికీ వెలుతుర్లో పెట్టి చాలాసేపు చూశాడు.

"రాగి" అన్నాడు. "చేపలకు మందుగా ఏస్తారు దీన్ని, వాటికేం కాదు. నత్తలకూ రొయ్యలకూ చుక్క చాలు. ఏసీ లోపలుండేది రాగి గొట్టాలే." బకెట్ వైపు చూశాడు. "డాక్టరమ్మా, ఏసీ నీళ్లు పోసినారా?"

హాల్లో అందరూ నావైపు తిరిగారు. నాకు ఆ క్షణం ఇప్పటికీ గుర్తుంది. పోశామండీ, నాకు తెలియలేదు అంటే అయిపోయేది. ఆయన నాలుగు తిట్లు తిట్టేవాడు, అందరి ముందూ తల కొట్టేసినట్టయ్యేది, సాయంత్రానికి మర్చిపోయేవాళ్లం. కానీ ఆ చేపపిల్ల తోక గుర్తొచ్చింది. పూర్తిగా చూడు అన్న మాట గుర్తొచ్చింది.

"లేదు. మీరిచ్చిన నీళ్లే పోశాం" అన్నాను.

మరియమ్మ తల దించుకుంది. ఆమె జీతం నేనిచ్చేదే. ఆయన ఆమెను అడగనుకూడా లేదు. ఊళ్లో ఎవరి మాటా నమ్మని మనిషి, నా మాట నమ్మాడు.

"నువ్వు ల్యా అంటే ల్యా. పది నత్తలను బతికించినదానివి. అయితే నా నీళ్లల్లోనే యాడో ఉండాది" అన్నాడు. మూలనున్న తన క్యాన్ దగ్గరికి పోయి మూతలో ఇన్ని నీళ్లు పోసుకుని, ఆ గొట్టంతో రెండుసార్లు చూశాడు. నీళ్లు తెల్లగానే ఉన్నాయి. అర్థం కాక అలాగే గొంతుక్కూర్చున్నాడు. ఆయనకు అర్థం కాకపోవడం నేనెప్పుడూ చూడలేదు. నాకు సంతోషమేసింది. దాచుకోవడం ఎందుకు, కడుపు నిండినంత సంతోషమేసింది.

అంతటితో ఆగానా, ఆగలేదు. కంటి డాక్టరు అడిగితే, ఆయన నీళ్లలో ఏదో తేడా ఉందండీ అన్నాను. ధర్మవరం షాపువాళ్లు ఫోన్ చేస్తే అదే చెప్పాను. నత్తలు పెంచడంలో ఊళ్లోకల్లా గొప్పదాన్ని కదా, నా మాటకు విలువుంది. ఏడాది తిరగకుండానే అందరూ మానుకున్నారు. ఆ కొట్టులో ఇప్పుడు మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. ఆయన ఎక్కడో నీళ్ల ప్లాంటులో క్యాన్లు నింపుతున్నాడని మరియమ్మ చెప్పింది. మా తొట్టిలోంచి చచ్చిన పగడాలు తీసేయించి రెండు చేపలనే ఉంచాను. వాటిని రాగి ఏమీ చేయదు కాబట్టి ఏసీ నీళ్లు మానలేదు.

మరుసటి ఎండాకాలం ఒకసారి వచ్చాడు. చేతిలో నీళ్ల కవరు, అందులో ఆరు నత్తలు. ఉప్పు మార్చినాడట, పైపులన్నీ మార్చినాడట. మా తొట్టిలో నీళ్లన్నీ తానే మారుస్తాడట, దుడ్లేమీ వద్దట. ఈ నత్తలు ఇక్కడ బతికితే, బతికినాయని కంటి డాక్టరుకు ఒక్క మాట చెప్తే చాలట. ఇదంతా మరియమ్మతో చెప్పి పంపించాడు. మళ్లీ ఆ గొట్టం తీసి తొట్టి నీళ్లు చూస్తాడని నాకు భయమేసింది. పేషెంటు ఉన్నాడని చెప్పమన్నాను. పదకొండు నుంచి రెండింటిదాకా మెట్ల మీద కూర్చున్నాడు. నీడ జరిగినప్పుడల్లా కవరును నీడలోకి జరుపుతూ కూర్చున్నాడు. కిటికీలోంచి నేను చూస్తూనే ఉన్నాను, లోపల పేషెంటు ఎవరూ లేరు. రెండింటికి లేచి పోయినాడు.

పోయిన నెల ఆయన చచ్చిపోయాడు. కర్మలన్నీ అయ్యాక ఆయన భార్య వచ్చింది. ఆమెను నేనెప్పుడూ చూడలేదు. పొట్టి మనిషి, అరిగిపోయిన వాయిల్ చీర. చేతిలో స్టీలు క్యాను. దానిలో ఏడు నత్తలు. కొట్టు పోయినా ఇంట్లో ఒక చిన్న తొట్టి పెట్టుకుని ఆ నీళ్లతోనే పెంచినాడట. రోజూ నీళ్లు పట్టి గొట్టంలో చూసుకునేవాడట, తెల్లగా వస్తే కూడా నమ్మేవాడు కాడట.

"ఇవి డాక్టరమ్మకు ఇయ్యి, ఆడ బతికితే నా నీళ్లు మంచివేనని తెలుస్తాది అన్నాడమ్మా. పోయే ముందురోజు కూడా అదే మాట" అంది. తర్వాత, "నువ్వు చదువుకున్నదానివి. ఆయన యాడ తప్పు చేసినాడు? అది తెలీకనే పోయినాడు" అని అడిగింది.

తొట్టి పక్కన బకెట్ ఉంది. బకెట్‌లో మగ్గు తేలుతోంది. మరియమ్మ వాకిట్లో నిలబడి నన్నే చూస్తోంది. చెప్పు మేడమ్ అన్నట్టే చూస్తోంది.

"ఎవరికైనా పొరపాట్లు జరుగుతాయమ్మా" అన్నాను.

ఆమె తల ఊపి, క్యాను మూత తీసింది. ఆయన ఎలా చేయమన్నాడో అలాగే, తొట్టి నీళ్లు గరిటెడు గరిటెడు క్యానులో కలుపుతూ గంటసేపు కూర్చుంది. వద్దమ్మా, వాటిని వేయొద్దు అనడానికి నాకు గంట టైముంది. ఆ గంటలో ఇద్దరికి పళ్లు కట్టాను. బయటికొచ్చేసరికి ఏడు నత్తలూ అద్దం మీద మెల్లగా పాకుతున్నాయి. ఆమె వాటిని చూసి మురిసిపోతోంది. వారం తర్వాత ఒకసారి వచ్చి చూసిపోతానంది.

నాలుగో రోజుకు ఒక్కటీ మిగల్లేదు. మరియమ్మ గుల్లలు ఏరి, కడిగి, నా టేబుల్ మీద వరసగా పెట్టి పోయింది.

చెప్పినట్టే వారానికి ఆమె వచ్చింది. తొట్టి చూసింది, టేబుల్ చూసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కుర్చీలో కూర్చుని ఒక గుల్లను చేతిలోకి తీసుకుని లోపలికి చూసింది. వెనక తొట్టిలో ఆ రెండు చేపలు తిండి కోసం అద్దం దగ్గర ఆడుతున్నాయి.

"అయితే తప్పు ఆయన నీళ్లదేలే. ఇప్పుడు తెలిసింది" అంది. గుల్లలన్నీ ఏరి కొంగున మూటకట్టుకుని లేచి, నాకు రెండు చేతులూ జోడించింది.

"నీ తొట్టి పాడు చేసినాడు, నీకు చెడ్డపేరు తెచ్చినాడు. ఆయన బదులు నేను చెప్తాండా, మనసులో పెట్టుకోవద్దు తల్లీ" అంది.

"పరవాలేదులేమ్మా" అన్నాను.